కంపక్షరాలు

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక
దానమయ్య ప్రెస్సులో, అటక కింద
ఎవరూ లాగని కేసొకటి ఉండేది.
మొదటిసారి నేను లాగినప్పుడు
ఎలుక పెంటికలు, సీసం దుమ్ము,
వాటి నడుమ ముళ్ళు ముళ్ళుగా అక్షరాలు.
ఇంగిలీషే.
కానీ నేను బళ్ళో చదివిన ఇంగిలీషు కాదు.

"ఏంది సార్ ఇవి, కంపచెట్టు కొట్టి పోసినట్టుండాయి?"
"దొరల కాలంనాటివి ఓబులేసూ. బ్లాక్ లెటర్ అంటారు.
నీకు నోరు తిరక్కపోతే కంపక్షరాలనే అను."

మన అక్షరం బొరుగు గింజ,
వేలు తగిలితే దొర్లుతుంది.
ఇది అట్లా కాదు.
నెత్తిన కొడవలి వంపు, కాలికి గాలపు కొక్కెం,
నడుమంతా నిలువు కర్రలే.
ఎమ్ పక్కన ఐ, ఐ పక్కన ఎన్ పడిందంటే
శనగచేను చుట్టూ కట్టిన దడి.
ఏ కర్ర ఎవరిదో లెక్కబెట్టుకుంటా పోవాల్సిందే.

దానికి పని తక్కువ.
బడి సర్టిఫికెట్టు నెత్తిన ఒక వరుస,
క్రిస్మసు కార్డు మీద రెండు మాటలు,
ఎప్పుడన్నా మిషనోళ్ళ పెండ్లిపత్రికలో పేర్లు.
"దినామూ తినే సంగటి కాదురా, ఓళిగ" అనేవాడు దానమయ్య.

సుగుణమణి పెండ్లికి నేనొక్కడినే కూర్చినా.
ఘనంగా ఉంటుందని పేరంతా పెద్దక్షరాల్లో పెట్టినా.
మూడు వందల పత్రికలు ఊరూరా పోయినాయి.
పాస్టరు గారు తిప్పి తిప్పి చూసి
"ఈ పాపకు ఇంకా పేరు పెట్టలేదా?" అన్నాడు.
ఆ రాత్రి దానమయ్య తిట్టలేదు.
కేసులోంచి తన పేరులోని డి తీసి
నా అరచేతిలో పెట్టినాడు.
"పెద్దది వాకిలి. ఇంటికొకటి చాలు.
మిగతావన్నీ లోపల మసిలే మనుషులు."

కేసులు, మిషనూ పాతసామాన్లోడికి తూకానికి పోయిన ఏడే
ఆయనా పోయినాడు.
దాచుకున్న డి ముందర పెట్టుకొని
పేరంతా కాగితం మీద పెద్దగా గీసినా.
మస్తానయ్యకు చదువు రాదు.
కడప నల్లరాతి మీద ఉలి ఆనించి
ఒక్క ముల్లూ వదల్లేదు.
నా కలంలోంచి పొరపాటున జారిన సిరా చుక్కను కూడా
అంతే గుండ్రంగా చెక్కినాడు.
ఇప్పటికీ ఉంది, పేరుకు కుడిపక్క.
వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి.

మొన్న మా వీధి గౌసు ఫోను చూపించినాడు,
అవే అక్షరాలు, తెరమీద నిగనిగలాడతా.
"మెడ మీద పచ్చబొట్టు తాతా. మాయమ్మ పేరు.
అన్నీ పెద్దక్షరాలే. గట్టిగా కనపడాల."
వాకిలి సంగతి చెప్పినా.
"అన్నీ వాకిళ్ళే పెడితే మీయమ్మ ఎట్లా చదువుతుందిరా?"
"మాయమ్మకు చదువు రాదు గదా."

కాసేపు నా నోట మాట రాలేదు.
మస్తానయ్య ఉలి చప్పుడు చెవిలో.
"అట్లయితే ఇంకా జాగర్త నాయనా.
చదవనోళ్ళు ప్రతి ముల్లూ చూస్తారు."