నీళ్లొస్తాయి: ఏ టెన్సు?

మార్కాపురంలో పలకల షెడ్డు.
కోత మిషను ఆపినా పావుగంట దాకా
పొడి నేల దిగదు.
ఆ పొడిలోనే ఓపెన్ టెన్త్ వాళ్లకి
ఫ్యూచర్ టెన్సు చెప్పాలి నేను.

చెక్క బిగించని పెద్ద పలకొకటి గోడకానించి రాశాను:
విల్. పక్కన వీ వన్.
ఎస్ తగిలించొద్దు, ఈడీ తగిలించొద్దు,
కర్త ఎవరైనా విల్ ఉలకదు పలకదు.
మన క్రియ అట్టా కాదు,
మనిషిని చూసి తోక మారుస్తుంది:
వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది.
"అయితే ఇంగ్లీషే నయం సార్" అన్నాడు చెన్నకేశవులు
నోట్లో మేకు తీయకుండానే.

నయమే. రాయండి: నీళ్లొస్తాయి.

తలలు వంగాయి. విరిగిన పలకల మీద బలపాల కీచు.
కాశమ్మ ఒక్కతే రాయలేదు.
"ఏ నీళ్లు సార్?
మంగళారం మంగళారం ట్యాంకరు నీళ్లొస్తాయి, అయ్యా?
కొండవతల నించి సొరంగంలో వస్తాయంటన్నారే, అయ్యా?
రెండిటికీ మనం వస్తాయనే గదా అనేది.
ఇంగ్లీషోడికి ఏయి కావాల?"

సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయా.
జరిగేదాన్నీ జరగబోయేదాన్నీ
ఇన్నేళ్లూ ఒకే బిందెతో ముంచుకున్నాను.
పిల్లప్పుడు మా అమ్మ "వస్తాయిలేరా" అన్నప్పుడు
అది అలవాటో ఆశో
నేనడగలేదు.

"ట్యాంకరుకైతే కమ్స్. ఎస్ పెట్టు.
సొరంగానికైతే విల్ కమ్."
"ఎప్పుడు?"
"ఎప్పుడో రాయక్కర్లేదు. విల్ ఉంటే చాలు,
వాక్యం పూర్తయినట్టే."
షెడ్డంతా నవ్వింది.
నేను నవ్వించడానికి అనలేదు.

తర్వాత విల్ హేవ్, వీ త్రీ.
వచ్చి ఉంటాయి.
ఇదీ ఇబ్బందే:
రేపటి పని ముగిసిందనీ మనకదే మాట,
ఇవాళ ఏమో తెలియదనీ అదే మాట.
ఆ సంగతి విప్పేలోపు
రోడ్డు మీద హారను రెండుసార్లు మోగింది.
"ట్యాంకరొచ్చుంటది" అంటా లేచింది కాశమ్మ.
గుమ్మం దగ్గర రెండు బిందెలు, ఒకటి సొట్టది.
"వస్తా సార్."

పోతా పోతా వస్తానంటే
దానికి ఏ టెన్సు వెయ్యాలో
నా గైడులో లేదు.

ఆమె పలక తిప్పి చూశా.
వాటర్ అని రాసింది. చివర్లో కమ్. ఎస్ లేదు.
మధ్యలో నాలుగక్షరాలు పట్టేంత చోటు,
ఏదో రాసి
బొటనవేలుతో తుడిపేసినంత నల్లగా.

అర మార్కు వేశా.