కుక్క పడుకునే చోటు

గొంబోసురెన్ తాత హీటరు పాడైందన్నాడు.
మనుషులు నాకెప్పుడూ అలాగే చెబుతారు,
తీర్పు ముందే రాసేసుకుని.

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన, చింగెల్తేయ్ కొండవాలు.
మైనస్ ముప్పై ఒకటి.
మీటరు బ్యాటరీ చలికి చచ్చిపోకుండా
కోటు లోపల చంకలో పెట్టుకుని
గుడ్డును పొదిగినట్టు పైకి మోసుకెళ్ళాను.

గేర్ తలుపు పొట్టిది. వంగితేనే లోపలికి.
హీటరు బతికే ఉంది.
నారింజ రంగుకి ఎక్కాల్సిన తీగచుట్ట
ఎండుమిరప రంగు దగ్గరే ఆగిపోయింది.
"చూశావా సరన్‌చిమెగ్, ముసలిదైంది" అన్నాడు,
తన సంగతే చెబుతున్నట్టు.

ప్లగ్గు దగ్గర వోల్టులు నూట అరవై ఐదు.
తీగ చుట్టూ కొక్కెం వేస్తే
ఆంపియర్లు ఆరు పాయింట్ ఎనిమిది.
తొడుగు విప్పి, అరచేతి మీద పెన్నుతో భాగించాను.
ఇరవై నాలుగు ఓములు, పైన పిసరంత.
వెనక రేకు మీద ఫ్యాక్టరీవాడు కొట్టిన అంకెలు:
రెండు వందల ఇరవై వోల్టులు, రెండు వేల వాట్లు.
వాటినుంచి లాగినా అదే ఇరవై నాలుగు.
"ముసలిదవలేదు తాతా.
పుట్టినప్పుడు ఎంత మొండిదో
ఇప్పుడూ అంతే మొండిది."

మరి చలెందుకు?
ఈసారి గుణించాను.
పదకొండు వందల ఇరవై రెండు వాట్లు.
ఇక్కడే ఎవరికీ నమ్మకం కుదరదు.
వోల్టులు ముప్పావు వంతు వస్తే
వేడి ముప్పావు రాదు.
తోపు తగ్గితే పారేదీ తగ్గుతుంది,
తగ్గినదాన్ని తగ్గినదానితో హెచ్చవేస్తాం.
పదహారింట తొమ్మిది వంతులే చేతికొస్తాయి.
మా అమ్మకి ఈ లెక్క సూత్రం లేకుండానే వచ్చు:
జీతం సగమైన ఏడాది
మేం తిన్నది సగం కాదు, పావు.

స్తంభం దగ్గర కొలిస్తే రెండు వందల ఇరవై, నిండుగా.
యాభై ఐదు వోల్టుల్ని దారిలో ఎవరు తిన్నారు?
తీగ వెంట నడిచాను. సన్నని అల్యూమినియం,
పక్కింటి కంచె మీదుగా,
బొగ్గు బస్తాల షెడ్డు మీదుగా.
అంతటా మంచు. ఒక్కచోట లేదు.
అక్కడ, చాటంత నల్లనేల మీద,
తాత బంఖర్ కుక్క ముడుచుకుని నిద్రపోతోంది.
దాని వీపు పైన, కంచె కర్రకి,
మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు.
టేపు బొగ్గైంది.
అతుకుకి అటూ ఇటూ పద్దెనిమిది వోల్టులు,
ఇంటూ ఆరు పాయింట్ ఎనిమిది.
నూట ఇరవై రెండు వాట్లు.
ఎన్నాళ్ళనుంచో ఒక కుక్కకి పొయ్యి.

ఫ్యూజు పీకి, అతుకు కోసి,
గొట్టం తొడిగి గట్టిగా నొక్కాను.
మిగతా తీగ సన్నదే, ఆ నష్టం అలాగే ఉంటుంది.
కొత్తది కొనాలంటే పింఛను మీది అప్పు తీరాలి.
అయినా ఇప్పుడు నూట ఎనభై వోల్టులు,
ఏడు పాయింట్ నాలుగు ఆంపియర్లు.
రెండు వందల వాట్లు పెరిగాయి.

"అంటే ఎంత?"

అంకె మళ్ళీ చెప్పబోయి ఆగాను.
ఊరికే కూర్చుని ఊపిరి తీసే మనిషి ఒంట్లోంచి
వంద వాట్లదాకా బయటికొస్తాయి.
"ఇద్దరు చుట్టాలొచ్చి కూర్చున్నంత."
ఆయన ఖాళీ మంచాల వైపోసారి చూసి
ఉప్పు టీకి నాలుగు గిన్నెలు తీశాడు,
నవ్వి, రెండు వెనక్కి పెట్టేశాడు.

దిగేటప్పుడు చూశాను.
కుక్క ఆ నేల మీద మూడుసార్లు తిరిగింది,
వాసన చూసింది,
కంచె కర్ర వైపు తలెత్తింది,
పడుకోలేదు.
అరచేతిలో అంకెలు ఇంకా తడిగానే ఉన్నాయి.
దాని బాకీ ఏ గడిలో వెయ్యాలో తేలక
తొడుగు తొడుక్కున్నాను.