ఖాళీ అంటే ఎంత

పర్లాకిమిడి కోర్టు ఎదర జిరాక్సు షాపు.
లినక్సు కొత్తది ఎక్కించినకాడ్నించి
ప్రింటరు ఉలకదు.
అఫిడవిట్ల వాళ్లు బల్ల మీద మోచేతులానించి
నన్నే చూస్తున్నారు.

రాయగడ నుంచి ఫోన్లో
గార్డు పని చేసి దిగిపోయిన దండాసి:
"రాసుకో. ఎస్ అంటే సాలూరు,
యూ అంటే ఉర్లాం, డీ అంటే దూసి."
"ఓ?"
"నువ్వున్నది ఎక్కడరా, ఒడిశా."

కొట్టాను.
అలాంటి ఆజ్ఞ ఏదీ లేదంది తెర.
"తర్వాత ఖాళీ వదిలావా?"
"ఎంత?"
"స్టేషనుకీ స్టేషనుకీ నడుమ పొలముండదూ, అంత."

ప్రింటరు గొంతు సవరించుకుంది.
పొద్దుట్నుంచి ఇరుక్కున్నవన్నీ
నాకు కూడబలుక్కుంటే గానీ రాని ఒడియాలో,
వెచ్చవెచ్చగా.

నిన్న కాశీనగర్ కుర్రాడెవరో
వైఫై దొరకట్లేదని ఫోను.
రాసుకో, అన్నాను.
ఎస్ అంటే