ఇరవై అంకెలు

పంతొమ్మిదేళ్ళు ఎక్కాను ఈ ఇగోగో కొండ.
బండల మధ్య రేకుల ఇళ్ళు, కింద పెద్ద సరస్సు,
చంకలో లెడ్జరు, చెవి మీద పెన్సిలు.
ఏ గుమ్మంలో ఏ కుక్క పడుకుంటుందో
ఇప్పటికీ నా పిక్కలకు గుర్తే.

అప్పటి మీటర్లో ఒక పళ్ళెం తిరిగేది,
అంచున ఎర్రటి గీత.
ఆ గీత నడక చూసి ఇంటి గుట్టు చెప్పేవాణ్ణి.
ఇస్త్రీపెట్టె అయితే గిర్రున,
ఒంటరి బల్బయితే మెట్లెక్కే ముసలాడిలా.
బుడోడి గారి మేడలో మాత్రం
మూడు ఫ్రిజ్జులున్నా అది కదిలేది కాదు.
అయస్కాంతం ఎక్కడ అంటించాడో నాకు తెలుసు,
నాకు తెలుసని ఆయనకీ తెలుసు.
ఏటా పండక్కి ఒక కోడి
దారి అడక్కుండానే మా ఇంటికొచ్చేది.
ఇది లెడ్జర్లో రాయలేదు.

గేటుకి తాళముంటే అంచనా రాసేవాళ్ళం.
అంచనా అంటే కాకిలెక్క.
చేపలు వేయించి అమ్మే న్యామిజికి
ఒకసారి నా కాకిలెక్క మూడు నెలల అద్దెంతయింది.
ఆమె తిట్టలేదు.
ఆ బిల్లులోనే గుప్పెడు వేపుడు చేపలు పొట్లం కట్టి
"తిను, నువ్వు రాసిందే" అంది.
నూనె పీల్చిన కాగితంలోంచి
నా అంకెలు రెండువైపులా కనిపించాయి.

ఆ తర్వాత బూడిదరంగు పెట్టెలొచ్చాయి.
ముందు డబ్బు, వెనక దీపం.
నాకో సర్టిఫికెట్టు, ఓ గోడగడియారం ఇచ్చి
చేతులు కడుక్కున్నారు.
ఆఖరి వారం మాత్రం నిచ్చెన పట్టుకోమన్నారు.
పట్టుకున్నాను.

ఇప్పుడు కొండ కింద కొట్టు నాది.
సబ్బులు, ఉల్లిపాయలు, ఫోన్ రీచార్జి, కరెంటు.
అవును, కరెంటు కూడా చిల్లరకే,
వెయ్యి షిల్లింగులకి ఇరవై అంకెల చీటీ.
ఒక్క అంకె తప్పు నొక్కితే
పెట్టె మూగదై కూర్చుంటుంది.

న్యామిజి ఉండే లోగిలి బుడోడిదే.
ఆరు గదులు, ఒకటే మీటరు.
రాత్రి దీపం పోయిందంటే
ఆరు తలుపులూ ఒక్కసారే తెరుచుకుంటాయి.
దర్జీ షిగెలా ఇస్త్రీపెట్టె మింగేసిందని ఒకరు,
కాదు, చేపల ఫ్రీజరేనని ఇంకొకరు,
మూడో గది పిల్లాడి టీవీ, వాడి నాన్న,
వాడి నాన్న పుట్టిన ముహూర్తం...
చీకట్లో ఎవరి మొహం కనపడదు కాబట్టి
అందరికీ ధైర్యమే.

న్యామిజి మనవరాలు ంబుకే,
పదకొండేళ్ళది, ముందుపన్ను విరిగింది,
పాత లెక్కల నోటుబుక్కు మీటరు పక్కన మేకుకి తగిలించింది.
ఆరు గడులు గీసింది.
ఒక్కొక్కరివీ ఆపించి, ఒక్కొక్కటే వేయించి
ఎర్రదీపం నిమిషానికెన్నిసార్లు కొట్టుకుంటుందో
వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
దర్జీ నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు.

ఈ మధ్యాహ్నం నోటుబుక్కుతో కొట్టుకొచ్చింది.
"అన్నీ ఆపేశాం తాతా.
ఫ్రీజరు ప్లగ్గు కూడా పీకేశాం.
అయినా దీపం కొట్టుకుంటూనే ఉంది."
ఏడో గడి గీసింది. పైన పేరు లేదు.

ఆ తీగ నాకు తెలుసు.
పెట్టె వెనక నుంచి గోడలోకి దూరి
బుడోడి గారి మేడవైపు పోతుంది.
నిచ్చెన పట్టుకున్న రోజే చూశాను.
ఆ ఏడాది రెండు కోళ్ళు వచ్చాయి.

పెన్సిలు కొన నాలుకతో తడిపి
"గోడ వెనక చూడు" అని నేనన్న మాట
జాగ్రత్తగా రాసుకుంది.
రాసుకుని, వెళ్ళలేదు.

"ఎన్నేళ్ళ నుంచి, తాతా?"

ఉల్లిపాయలు తూస్తూ
ఒక అంచనా చెప్పాను.