ఎడమ భుజం

డింగ్‌వాల్‌లో దర్జీ ఎఫీ
రెండుసార్లు కొలిచింది, మూడోసారి కొలవలేదు.
"ఎడమ భుజం ముప్పాతిక అంగుళం దిగింది, మర్డో."

ముప్పయ్యేళ్ళ ఉత్తరాల సంచీ మరి.

బల్లమీద టార్టాన్ పరిచింది:
నాచురంగు గళ్ళు,
నడుమ వెంట్రుకంత పసుపు చార.
"సాదా బట్టయితే మెత్త పెట్టి కప్పేద్దును.
గళ్ళకి దాపరికం తెలీదు.
బట్టనే కాస్త వంకరగా కోస్తాను,
నువ్వు తిన్నగా కనబడతావు
పెళ్ళిలో."

అరవై రెండేళ్ళ పెళ్ళికొడుకు
కిటికీ అవతల వాన చూశాడు.
"కొండ మలుపు తిరగ్గానే షోనాగ్
గేటు తీసి నిలబడేది.
మొహం ఆనేంత దగ్గర కాదది.
ఈ భుజాన్నే పోల్చుకునేది.

పోగు వెంటే కొయ్యి.
చార ఒరిగితే ఒరగనీ."

ఎఫీ ఏమీ అనలేదు.
అప్పటికే గీసిన సుద్దగీతని
మోచేత్తో తుడిచేసింది,
అంతా పోలేదు.