తెల్ల అంచు

పాలమూరు గడియారం చౌరస్తా వెనక
మా జిల్దు దుకాణానికి
దేవరకద్ర నుంచి ప్యాసింజరెక్కి వచ్చాడు ఎలీషా పేణ్కర్,
రిటైరైన సిగ్నల్ ఇన్‌స్పెక్టరు.
కొంకణపు మనిషి, మాట మాత్రం మనదే.
తువ్వాల విప్పితే చేతిరాత పుస్తకం.
తాత రాసుకున్న ప్రార్థనలట, హీబ్రూలో.
కుట్లు తెగి, వీపు ఊడి
వాన తిన్న గోడలా ఉంది.

ఉర్దూ పహాణీలు ఎన్ని కుట్టలేదు నేను!
కుడి నుంచి నడిచే రాత నాకు కొత్త కాదు.
కానీ అక్కడ అక్షరం అక్షరం చెయ్యి పట్టుకుంటుంది,
ఇక్కడ దేని నిలకడ దానిదే.
గీత మీద కూర్చోవు, గీత పట్టుకుని వేలాడతాయి,
దండెం మీది బట్టల్లా.
కింద ఎవరో నూకలు చల్లినట్టు చుక్కలు.

నాలుగు రోజులాగి రమ్మన్నాను.
అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా,
మొదటి పొత్తాన్ని కోత మిషన్‌లో పెట్టి
అంచు సాపు చేశాను. వేలెడు తెలుపు.
ఒక్క అక్షరానికీ గాటు పడలేదు, చూసుకునే కోశాను.

మర్నాడే వచ్చాడు, ఏదో చెప్పడం మరిచానని.
కోసిన అంచు చూసి స్టూలు మీద కూలబడ్డాడు.
"నల్లది నిప్పు, తెల్లదీ నిప్పే" అన్నాడు కాసేపటికి.
"నల్ల నిప్పును మనం చదువుతాం.
తెల్ల నిప్పును చదివేవాడు ఇంకా రాలేదు.
ఆ ముక్క ఎక్కడ పడింది?"

నేల చూపించాను.
పెళ్లి కార్డుల తునకలు, ఓటర్ల జాబితా అంచులు,
బ్యాంకు లెడ్జరు చివర్లు.
ఏ తెలుపు ఎవరిదని ఏరను?

మా నాయనమ్మ ఆశవ్వ, గాండ్లోళ్ల ఆడబిడ్డ,
మూలన మైదా లై ఉడికిస్తూ తొంగి చూసింది.
"గీ రెండు కొక్కేలు పుటపుటకూ ఎందుకున్నయి బిడ్డా?"
"ఆయన పేరు అవ్వా. రాస్తాం గానీ
ఉన్నది ఉన్నట్టు పలకం."
"పెనిమిటి పేరు లెక్కన" అంది, గరిటె ఆపకుండా.
రేషన్ దుకాణంలో తాత పేరు అడిగితే
నన్ను ముందుకు తోసేది ఆమె.

పేణ్కర్ నవ్వాడు. ఒకప్పుడు వాళ్లదీ గానుగేనట,
శనివారం ఎద్దును విప్పేసేవాళ్లట.
"ఎద్దు బతికింది పో" అంది నాయనమ్మ.

చిరిగిన పుస్తకాన్ని వాళ్లు పారెయ్యరు.
మనిషిలాగే మట్టికి ఇస్తారు.
ఊడ్చిన చెత్తంతా, ఒక్క పీలిక వదలకుండా,
యూరియా బస్తాలో కుక్కి
దేవరకద్ర స్టేషను అవతల కంది చెలక గట్టున
మోకాటి లోతు తవ్వాం.
గుంటలోకి దిగాయి
ఎవరి పెళ్లి ముహూర్తాలో, చచ్చినోళ్ల ఓట్లో,
తెగని తగాదాల హద్దులో,
వాటి నడుమ ఎక్కడో వేలెడు తెలుపు.
ఆయన ఏదో చదివాడు. సగంలో గూడ్సు వచ్చింది.
అది పోయేదాకా ఆగి, ఆగిన చోటు మరిచి
మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

మిగతా అంచులు కొయ్యకుండానే అట్ట వేశాను.
మొదటి పొత్తం ఒక్కటి లోపలికి,
ఊడిన పన్ను జాగాలా.
ఇప్పుడు ఏ రిజిస్టరు కోయబోయినా
చక్రం తిప్పే ముందు
ఖాళీ వైపు ఒకసారి చూస్తాను.
ఏమీ కనపడదు.
తిప్పుతాను.