రెండు నుంచి రెండున్నర దాకా

కాగితం మీద గళ్ళు గీసింది నేనే.
రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా
అరగంటకొక పేరు.
కైనూ అడవిలో, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున,
మైనస్ ఇరవై రెండు డిగ్రీల్లో
పొయ్యి ఆరిపోకుండా ఒకరు మేలుకోవాలి,
తక్కినవాళ్ళు నిద్రపోవాలి.
స్కౌటింగంటే ఏమిటని తాతయ్య అడిగితే
ఇంతకు మించి చెప్పడం నాకు చేతకాలేదు.

సెప్టెంబరులో జట్టును అప్పగించినప్పుడు
ఇంకో కాగితం నా చేతిలో పెట్టారు:
నాయకురాలి బాధ్యతలు. పదకొండు అంశాలు.
హాజరు వేయుట. సామాను లెక్క చూచుట.
కాపలా వేళలు పాటింపజేయుట.
ఆదర్శంగా నిలుచుట.
ఎలా నిలవాలో కింద రాయలేదు.
గుడారం మేకులు మాత్రం లెక్కపెట్టాను: నలభై ఒకటి.
ఉండాల్సింది నలభై.
ఆ ఒక్కటీ ఎక్కడిదో ఎవరికీ తెలీదు.

ఎల్యాస్‌కి పాలు పడవని గుర్తుంచుకోవడం
ఆ పదకొండింటిలో లేదు.
ఓనెర్వానీ తుయిస్కునీ పక్కపక్కన పడుకోనివ్వకపోవడం,
ఇంటి మీద బెంగపడ్డవాడితో
బెంగ మాటెత్తకుండా కట్టెలు మోయించడం,
చేపల చారు గిన్నె అడుగుకు వచ్చాక
మాడిందే నాకిష్టమని చెప్పడం,
(అబద్ధం)
ఇవీ లేవు.

"రెండు గంటలది నాకివ్వు" అన్నాడు ఓయివా.
పదేళ్ళవాడు. వేసుకున్న బూట్లు వాళ్ళక్కవి.
రెండు గంటలది ఎవరూ అడగరు.
అక్కడ విరిగిన నిద్ర మళ్ళీ అతకదు.
అందుకే అక్కడ నా పేరు రాసుకున్నాను.
"ఎందుకురా?"
"అప్పుడు అందరూ నిద్రపోతుంటారు కదా"
అన్నాడు, జవాబు అదే అయినట్టు.
నా పేరు చెరిపి వాడి పేరు రాశాను.

గుండెల మీద కుంపటి అంటారే,
నాది ఇనప పొయ్యి, నాలుగు కాళ్ళది,
దాని చుట్టూ కాళ్ళు చాపుకుని తొమ్మిది మందిమి.
రెండింటికి ఓనెర్వా వాణ్ణి తట్టి లేపింది.
వాడు లేచాడు. నేను ఎప్పుడో లేచే ఉన్నాను,
కళ్ళలో వత్తులు వేసుకుని,
ఆ కళ్ళు మూసుకుని.

మొదట మరీ లావు మొద్దు దూర్చాడు. పొగ.
మళ్ళీ బయటికి లాగాడు, తనను తానే తిట్టుకుంటూ.
తర్వాత సన్న పుల్లలు, ఒకటొకటిగా,
ఎవరికో తినిపిస్తున్నట్టు.
తర్వాత చప్పుడు లేదు.
రెప్ప సందులోంచి చూశాను:
తల వాలుతోంది.
పొయ్యి తలుపు అంచున ఎరుపు
నల్లబడుతోంది.
చలి వచ్చి నా ముక్కు కొన మీద కూర్చుంది.

పోయిన చలికాలం నేనూ ఇలాగే నిద్రపోయాను.
హెల్కా లేచి, కట్టెలేసి, నన్ను లేపలేదు.
పొద్దున్నే అందరి ముందూ
"పరవాలేదులే, తైమీ" అంది.
ఎంత మంచి మనిషో.
ఆ పరవాలేదు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

చెయ్యి జిప్పు మీద పెట్టుకుని
వంద దాకా లెక్కపెడదామనుకున్నాను.
అరవై మూడు దగ్గర ఆగలేకపోయాను.
నిద్రలో దగ్గినట్టు
దగ్గాను.
ఒక్కసారే.

వాడు ఉలిక్కిపడి లేచాడు.
భూర్జ బెరడు చీలిక, ఊపిరి, మళ్ళీ ఊపిరి.
బెరడు చుట్ట చుట్టుకుపోతూ అంటుకుంది.
ఎవరైనా చూశారేమోనని
చుట్టూ ఒక్కొక్క మొహమే వెతికాడు.
నా మొహం నిద్రపోతోంది.

రెండున్నర అయింది. తుయిస్కును లేపలేదు.
మూడు దాకా వాడే కూర్చున్నాడు,
వెన్ను నిటారుగా పెట్టుకుని.
ఇది నియమం కాదు.
మూడో అంశం ప్రకారం మందలించాలి.
ఆ అరగంటలోనే ఎక్కడో
నాకు నిజంగా నిద్రపట్టింది.

పొద్దున్న మంచులోంచి మేకులు పీకాం.
ఒకటి ఎంతకీ రాలేదు.
నలభై. లెక్క సరిపోయింది.

బస్సులో లాగ్‌బుక్ తెరిచాను.
మంచు తడికి పెన్సిలు గీత కాస్త అలుక్కుపోయింది:
రెండు నుంచి రెండున్నర, ఓయివా.
మంట బాగుంది.
తైమి నిద్రలో దగ్గింది.

రెండున్నర నుంచి మూడు, తుయిస్కు. మంట బాగుంది.
ఇది కూడా వాడి చేతిరాతే.

నాయకురాలి సంతకం అన్న చోట
సంతకం పెట్టాను.